గళ్ళ ఉన్నిబట్ట చెప్పే వంశకథ

పశ్చిమ ప్రకాశం ఊళ్ళకు స్కాట్లాండు దూరదేశమే గాని, ఆ దేశం నుంచి వచ్చినవారు ఈ సీమ చరిత్రలో చాలా దగ్గరగా మసలారు. 1800 అక్టోబరు 12న నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సంధి వల్ల కడప, బళ్ళారి ప్రాంతాలతో పాటు కంభం సీమ కూడా కంపెనీ వశమై, దత్త మండలాలు అనే పేరుతో ఒకే పాలన కిందికి వచ్చింది. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. ఆ తరువాత ఇదే భూభాగాన్ని సర్వే చేసి, ఊరూరి కైఫియతులను, అంటే కరణాలూ పెద్దలూ చెప్పగా రాసుకొన్న స్థానిక చరిత్రలను, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లాండు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవివాడు. సంధి కుదిర్చిన హైదరాబాదు రెసిడెంటు, అంటే నిజాము దర్బారులో కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ మద్రాసులో పుట్టినా, అతని కుటుంబం తన మూలాలను స్కాట్లాండులోనే చెప్పుకొనేది.

ఇటువంటి పెద్ద హోదాల వారి కథలు పుస్తకాలకెక్కాయి గాని, సిపాయిలు, ఫిట్టర్లు, ఇంజను డ్రైవర్ల కథలు ఎక్కువగా ఇళ్ళలోని ట్రంకు పెట్టెల్లోనే మిగిలాయి. 1780లో మద్రాసులో దిగిన 73వ హైలాండ్ రెజిమెంటు మొదలుకొని ఎన్నో స్కాటిష్ దళాలు దక్షిణాదిన పోరాడాయి. 1880వ దశకంలో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా కృష్ణా తీరం వైపు మీటరుగేజి దారి నల్లమల కొండలను తొలిచి సాగింది. అలాంటి దారుల మీద పరుగెత్తిన ఇంజన్లు అనేకం గ్లాస్గో కార్ఖానాలలో తయారైనవే. గుంతకల్లు వంటి రైల్వే కాలనీలలో స్థిరపడిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలలో స్కాటిష్ ఇంటిపేర్లు ఉండడానికి ఈ సైన్యమూ ఈ రైలూ రెండూ కారణమే. అందువల్ల అలాంటి ఇంట్లో పెట్టె అడుగున ఒక గళ్ళ ఉన్నిబట్టో, తెల్లని బాప్తిస్మం గౌనో, శాలువో బయటపడితే దానిని పాతబట్టగా కొట్టిపారేయకుండా, అది నిజంగా ఏమి చెబుతోందో ఓపికగా చదవవలసి ఉంటుంది.

గళ్ళబట్ట విషయంలో మొదట తేల్చుకోవలసింది అది టార్టన్ అవునా కాదా అన్నది. టార్టన్ అంటే పడుగులోనూ పేకలోనూ ఒకే రంగుల వరుస ఒకే లెక్కలో తిరిగి వచ్చేటట్టు నేసిన గళ్ళ వస్త్రం. స్కాట్లాండు ఉత్తరాది కొండవాసులు దానినే మడతలు పెట్టి కిల్టుగా, అంటే మోకాళ్ళ దాకా వచ్చే చుట్టుబట్టగా, ధరించేవారు. మద్రాసు లుంగీలకూ చేతిరుమాళ్ళకూ కూడా గళ్ళున్నాయి గనుక కంటికి పోలిక కనిపించడం సహజమే గాని, అవి సాదా నేతలో నేసిన నూలుబట్టలు. టార్టనుకు వాడే ఉన్నిని ఏటవాలు నేతలో నేస్తారు, కాబట్టి భూతద్దంతో చూస్తే దారాలు సన్నని వాలుగీతలుగా మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. లోపలి కుట్టుమడత నుంచి ఒక్క పోగు తీసి వెలిగిస్తే, నూలు కాగితంలా కాలుతుంది, ఉన్ని మాత్రం కాలిన వెంట్రుక వాసన వేస్తూ తనంతట తానే ఆరిపోతుంది. 1856లో కృత్రిమ రంగులు కనుగొన్నారు గనుక, మరీ గాఢమైన ఊదా, గులాబీ ఛాయలున్న బట్ట అంతకు ముందుది కావడం అరుదు. కుట్టుమిషను కుట్టు కనిపించినా ఆ బట్ట పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగానికో ఆ తరువాతి కాలానికో చెంది ఉండాలి. సైనిక దుస్తులైతే లోపలి అంచున ముద్రలూ అంకెలూ ఉండవచ్చు. అన్నింటికన్నా విలువైన ఆధారం అదే, ఎందుకంటే రెజిమెంటు సంఖ్య తెలిస్తే హాజరుపట్టీల దాకా వెళ్ళవచ్చు.

ఇంత శ్రమపడి టార్టన్ అని తేలినా, ఆ గళ్ళను బట్టి వంశం పేరు చెప్పేయడం మాత్రం పొరపాటు, ఈ పొరపాటు ప్రపంచమంతటా జరుగుతోంది. 1746 నాటి చట్టం కొండవాసుల దుస్తులను సైనికులకు తప్ప మిగతా మగవారికి నిషేధించింది, 1782లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్ అన్న పద్ధతి, 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో సందర్శించిన వేడుకల చుట్టూ బలపడి, తరువాతి దశాబ్దాలలో అచ్చు పుస్తకాల ద్వారా స్థిరపడింది. స్కాట్లాండు ప్రభుత్వం 2009లో ప్రారంభించిన టార్టన్ల రిజిస్టరులో నమూనాను పోల్చి చూడవచ్చు గాని, అక్కడ దొరికిన పేరు ఒక సూచనగానే పనికివస్తుంది. నచ్చిన గళ్ళను కొనుక్కొన్న గుమాస్తాకూ ఆ వంశంలో పుట్టినవాడికీ తేడా బట్టలో కనబడదు.

తెల్లని బాప్తిస్మం గౌను దీనికన్నా నమ్మకమైన సాక్షి. స్కాట్లాండులోని ఎయిర్‌షైరులో పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల నుంచి ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చొని సన్నని మల్లుబట్ట మీద తెల్లదారంతో పువ్వులు కుట్టి, మధ్యలో రంధ్రాలు చేసి, వాటిని సూదిపనితో నింపేవారు. 1860వ దశకంలో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి కరువై, స్విట్జర్లాండు యంత్రపు కుట్టు ముంచెత్తి ఆ పని కుదేలైంది. ఇటువంటి గౌను ఒక్క బిడ్డకు కొనరు, తరాల బిడ్డలకు తొడుగుతారు, పైగా ప్రతిసారీ చర్చిలో ఒక రిజిస్టరు నమోదు జరుగుతుంది. మద్రాసు రాజధాని చర్చి నమోదుల నకళ్ళు లండన్‌కు వెళ్ళి నేడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. స్కాటిష్ ప్రెస్బిటీరియన్లకు 1813 చార్టరు చట్టంతో సొంత మతగురువులు, 1821లో మద్రాసులో సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చి లభించాయి గనుక, వెతికేవారు అక్కడి నమోదులను వదలకూడదు. అటువైపు స్కాట్లాండులో 1855 నుంచి జనన మరణాల నమోదు తప్పనిసరి.

ఇక్కడే ఈ అన్వేషణలోని అతి పెద్ద లోటు బయటపడుతుంది. స్కాట్లాండు పత్రాలు తల్లి పుట్టింటి పేరును కూడా పట్టుదలగా రాశాయి. కంపెనీ కాలపు మద్రాసు రిజిస్టర్లలో తండ్రి పేరూ హోదా ఉండి, దేశీయురాలైన తల్లికి పేరే ఉండకపోవడమో, బాప్తిస్మంలో పెట్టిన ఇంగ్లీషు పేరొక్కటే ఉండడమో తరచుగా కనిపిస్తుంది. మన రాజ్యాంగం 366వ అధికరణం కూడా ఆంగ్లో ఇండియన్‌ను తండ్రి వైపు యూరోపియన్ మూలంతోనే నిర్వచించింది. తండ్రి కోటు దాచి, తల్లి చీరను వాడి చింపేసిన కుటుంబానికి సగం వంశమే మిగులుతుంది, అది చిన్న నష్టం కాదు.

కర్క్‌పాట్రిక్ పిల్లల కథలో ఆ సగం దైవికంగా మిగిలింది. అతనికీ హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాకూ పుట్టిన ఇద్దరు పిల్లలనూ 1805లో ఇంగ్లాండుకు పంపే ముందు, మద్రాసులో జార్జి చినరీ అనే చిత్రకారుడు హైదరాబాదు తరహా జరీ దుస్తుల్లో నిలువెత్తున చిత్రించాడు. మరుసటి ఏడాది లండన్‌లో బాప్తిస్మం జరిగి, సాహిబ్ ఆలం విలియం జార్జిగా, సాహిబ్ బేగం కేథరిన్ అరోరాగా మారారు. కిట్టీగా పేరుపడిన ఆ అమ్మాయికి స్కాటిష్ రచయిత థామస్ కార్లైల్‌తో పరిచయం ఉండేది. ఎన్నో ఏళ్ళ తరువాత హైదరాబాదులోని అమ్మమ్మతో ఆమెకు ఉత్తరాలు నడిచినప్పుడు, అమ్మమ్మ తన కూతురి తలవెంట్రుకలను పంపింది.

అలాంటి చిత్రాలూ ఉత్తరాలూ మిగలని కుటుంబాలలో, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా జన్యువును పరీక్షిస్తే, వరుసగా ఆడపిల్లల ద్వారా దిగివచ్చిన వారిలో, కాగితం మీద పేరు లేని దేశీయ పూర్వీకురాలి జాడ కూడా తేలవచ్చు. బట్ట విషయంలో చేయవలసింది అంతకన్నా సులువు: నాఫ్తలీన్ ఉండలు తగలకుండా, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మడతలు అప్పుడప్పుడు మార్చి ఉంచాలి, దానితో పాటు ఆ పెట్టె ఏ ఆడవాళ్ళ చేతుల మీదుగా వచ్చిందో వారి పేర్లు, పుట్టింటి ఊరు, ఇంట్లో మాట్లాడిన భాష, ఇంటిల్లిపాది బదిలీ మీద తిరిగిన స్టేషన్ల పేర్లు, ముసలివాళ్ళు బతికి ఉండగానే అడిగి రాసి పెట్టాలి.