ఎండ చూడని పసివాళ్లు

పరాయి దేశంనుంచి దత్తత తెచ్చుకున్న బిడ్డకు అమెరికా తల్లి పాలూ గుడ్లూ పెడుతుంది. నెలల్లోనే బిడ్డ ఏపుగా ఎదుగుతుంది. చిక్కంతా అక్కడే ఉందండీ! ఎముక పెరగాలంటే కాల్షియం కావాలి. దాన్ని పేగులు బాగా పీల్చుకోవాలంటే డి విటమిన్ ఉండాలి. శరణాలయంలో నాలుగు గోడల మధ్య పెరిగిన ఒంట్లో ఆ నిలవ ఎక్కడిది? చలిదేశమైతే మరీనూ. మన దేశంనుంచి వెళ్లే పిల్లలకూ ఆ లోటు ఉండొచ్చు. ఇక్కడ ఎండకు కొరత లేదు గాని, ఎత్తుకుని ఎండలో కూర్చునే వారేరీ?

లోటు ముదిరితే రికెట్స్ వస్తుంది. దొడ్డికాళ్లు, ఉబ్బిన మణికట్లు, ఆలస్యంగా నడక. బొద్దుగా ఉందని మురిసిపోకుండా, రాగానే రక్తపరీక్ష చేయించడం మంచిది. ఏడాదిలోపు పాపకు రోజుకు 400 యూనిట్లు, ఆపైన 600 అని అక్కడి లెక్క. లోటు తేలితే మోతాదు డాక్టరే పెంచాలి సుమండీ. సొంతంగా చుక్కలు ఎక్కువ పోస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు.