విడిపోవడం వేరు, విడదీయడం వేరు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషులో వాళ్ళ నోట తరచుగా వినిపించే మాట ‘బ్రేక్ అప్’. ప్రేమికులు విడిపోతే బ్రేకప్ అంటారని అందరికీ తెలుసు. కాని ఆ మాట అక్కడితో ఆగదు.

సభ ముగిసి జనం ఎవరి దారిన వారు వెళ్ళినా బ్రేక్ అప్పే. ఇంగ్లండులో బడులకు సెలవులిచ్చినా అదే మాట. ఫోనులో గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించినా అదే. నేను పనిచేసే బ్యాంకులో ఖాతాదారు ‘బ్రేకప్ ఇవ్వండి’ అంటే, కట్టిన వాయిదాలో అసలెంత, వడ్డీ ఎంత విడివిడిగా చూపమని అర్థం. ఇందులో ఒక మెళకువ ఉంది. ‘ఇట్’, ‘దెమ్’ వంటి సర్వనామం వస్తే నడుమ చేర్చాలి. ‘బ్రేక్ ఇట్ అప్’ అనాలి గాని ‘బ్రేక్ అప్ ఇట్’ అనకూడదు.

సభ దానంతటదే ముగిసినా, పోలీసులు వచ్చి చెదరగొట్టినా ఇంగ్లీషులో క్రియ ఒక్కటే. తెలుగు అలా ఊరుకోదు. చెదిరిపోయారు, చెదరగొట్టారు, విడిపోయారు, విడదీశారు. తమంతట తామే చేశారా, మరొకరు చేయించారా అన్నది క్రియలోనే తెలిసిపోతుంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే ‘వేరుపడ్డారు’ అంటాం. ఆ మాటలో పగ లేదు. పొయ్యి వేరైందంతే, పండగకూ పబ్బానికీ మళ్ళీ కలుస్తారు.

ఈ తేడా మన ప్రాంతానికి అనుభవమే. 1953 అక్టోబరు 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. అప్పటి సేలం జిల్లాలోని హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లాను, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లాను విడదీశారు. మన ఇళ్ళు కదలలేదు, చిరునామాలు మాత్రం మారాయి. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ రెండైనప్పుడు ‘విడిపోయాం’ అన్నవారూ ఉన్నారు, ‘విడగొట్టారు’ అన్నవారూ ఉన్నారు. వాడిన క్రియను బట్టే ఎవరి మనసేమిటో తెలిసింది.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతికి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. తమిళం నేర్వవలసిందే, మన బతుకు ఇక్కడే కదా! అయితే తెలుగు భారం అంతకంతకూ ఇంటిమీద పడింది. పిల్లలు ‘బ్రేకప్’ అంటే కసురుకోకండి. ‘విడిపోయారా, విడదీశారా?’ అని అడగండి. జవాబు చెప్పాలంటే వాళ్ళు తెలుగులో ఆలోచించక తప్పదు.