కొలిచి పెట్టిన భోజనం

మనిషి ఏది తింటే ఆరోగ్యంగా ఉంటాడన్న ప్రశ్నకు ఎలుకలపై చేసే ప్రయోగాలు కొంతవరకే సమాధానం ఇస్తాయి. ఆపైన మనుషులే తమ శరీరాలను కొలతకు అప్పగించవలసి ఉంటుంది. అలా తమ ఇష్టంతో ముందుకు వచ్చేవారిని స్వచ్ఛంద భాగస్వాములు అంటారు. వీరు రోగులు కారు. చికిత్స రోగి మేలు కోరి జరిగేది కాగా, పరిశోధన ఫలం ఎక్కువగా ముక్కూ మొహం తెలియనివారికి అందుతుంది కనుక, ఈ అంగీకారం నిజమైన ఔదార్యం. దాన్ని స్వీకరించిన పరిశోధకులపై పడే బాధ్యత కూడా అంత పెద్దది.

భాగస్వామి నుంచి మొదట కోరేది నిజాయితీ. సిబ్బంది ఇంటికి వచ్చి, కొలత గిన్నెలు చూపుతూ, నిన్నటి రోజంతా తిన్నవాటిని అడిగి రాసుకునే పద్ధతిని ఇరవైనాలుగు గంటల ఆహార జ్ఞాపక పద్ధతి అంటారు. ఇందులో మారు వడ్డించుకున్న కూర, వంట చేస్తూ నోట్లో వేసుకున్న పలుకులు, టీలో కలిపిన చక్కెర తరచుగా మరుపున పడతాయి. అందుకే కచ్చితమైన లెక్క కావలసినప్పుడు పరిశోధకులు మనుషులను తమ వద్దే ఉంచుకుని, వడ్డించినదాన్నీ కంచంలో మిగిలినదాన్నీ తూస్తారు.

అమెరికాలోని బెథెస్డాలో ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనాసంస్థకు చెందిన కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఇటువంటిదే. ఇరవై మంది నాలుగు వారాలపాటు ఆసుపత్రి ప్రాంగణంలోనే ఉండి, రెండు వారాలు అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారం, అంటే ఇంటి వంటగదిలో కనిపించని పదార్థాలతో ఫ్యాక్టరీలో తయారైన తిండి, మరో రెండు వారాలు అలా ప్రాసెస్ చేయని ఆహారం తిన్నారు. ఎవరికి ఏది ముందన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. రెండు రకాల భోజనాల్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానమే, కావలసినంత తినడానికి అనుమతీ సమానమే. అయినా ఫ్యాక్టరీ ఆహారం తిన్న రోజుల్లో వారు సగటున రోజుకు 500 కేలరీలు ఎక్కువ తిని, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో బరువు పెరిగారు. నెల రోజులు ఇల్లూ పనీ వదులుకుని, ప్రతి ముద్దనూ లెక్కకు అప్పగించిన ఇరవై మంది ఓర్పు లేకపోతే ఈ సంగతి ఇంత స్పష్టంగా తేలేది కాదు.

తెలుగు నేలకు సంబంధించిన అధ్యయనం ఇంతకంటే సుదీర్ఘమైనది. 1987–90 మధ్య హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాలను జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనకు తీసుకుంది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పటికి కొన్ని ప్రాంతాలకు చేరి, మరికొన్నింటికి ఇంకా చేరకపోవడం వల్ల, 15 గ్రామాల్లో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా మిశ్రమంతో చేసిన ఉప్మా అదనపు ఆహారంగా అందింది. తక్కిన 14 గ్రామాలు పోలికకు నిలిచాయి. ఆ కాలంలో పుట్టిన పిల్లలు 13–18 ఏళ్లవారైన తరువాత, 2003–05లో, 1,165 మందిని మళ్లీ పరీక్షించగా, అదనపు ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువగా ఉన్నారు. వారిలో ఇన్సులిన్ నిరోధకత, అంటే రక్తంలోని చక్కెరను అదుపు చేసే హార్మోనుకు శరీరం సరిగా స్పందించని స్థితి, తక్కువగా కనిపించింది. తల్లి గర్భంలోనూ చిన్నతనంలోనూ అందిన తిండి ప్రభావం కౌమారందాకా నిలుస్తుందన్న ఆశకు ఈ ఊళ్లు ఒక ఆధారం.

అయితే ఆ పిల్లలు పరిశోధనలోకి వచ్చింది తమ నిర్ణయంతో కాదు, తల్లి కడుపులో ఉండగానో చంటితనంలోనో చేరినవారు. భారత వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాలు నేడు సమాచారపూర్వక సమ్మతిని తప్పనిసరిగా కోరుతున్నాయి: చేసే పనీ, కలగగల ఇబ్బందీ భాగస్వామికి తెలిసిన భాషలో వివరించి, ప్రశ్నలకు జవాబు చెప్పిన తరువాతే సంతకం తీసుకోవాలి. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా తప్పుకునే హక్కు భాగస్వామికి ఉంటుంది; పరిశోధన వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ అందాలి. సేకరించిన రక్తాన్ని ఎంతకాలం దాచుతారో, దానిపై కొత్త పరీక్ష చేసేముందు మళ్లీ అడుగుతారో లేదో సంతకానికి ముందే తెలుసుకోవడం మంచిది. మార్గదర్శకాల్లో ఉన్నా లేకున్నా, తేలిన ఫలితాన్ని పరిశోధన జరిగిన ఊరి అంగన్‌వాడీ దగ్గరికే తిరిగి వచ్చి, అందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పడం పరిశోధకుల విధి.