హైవే పక్క ఊళ్లో బుడ్డోడికి నడక నేర్పేదెలా?

అడుగులేయడం ఇంట్లోనే వచ్చేస్తుంది. రోడ్డు మీద నడవడం మాత్రం ఎవరో ఒకరు నేర్పాల్సిందే. అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్లలో ఆ పనికి అమ్మానాన్న దగ్గర ఉండరు. వానల్లేక, వేరుశనగ చేతికి రాక వాళ్లు బెంగళూరుకు పనులకు పోతే, పిల్లలు జేజి దగ్గరో అవ్వ దగ్గరో పెరుగుతారు. ఆ పెద్దోళ్ల చిన్నప్పుడు రోడ్డు మీద ఎప్పుడో ఒక బస్సు వచ్చేది. ఇప్పుడు గుత్తి, పామిడి, రాప్తాడు మీదుగా నాలుగు వరసల ఎన్‌హెచ్‌-44 పోతోంది. అందుకే అన్నలూ, అక్కలూ.. ఈ బాధ్యత మీదే!

దూరంగానే ఉందిగా అనుకుంటే..

చిన్న లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. ఒక పక్క రెండు వరసలూ కలిపి 7 మీటర్లు. పిల్లాడు సెకనుకు ఒక మీటరు నడిస్తే దాటడానికి 7 సెకన్లు. ఆలోపు లారీ 150 మీటర్లకు పైగా వచ్చేస్తుంది! బ్రేకు వేస్తాడులే అంటారా? డ్రైవరు చూసి, బ్రేకు మీద కాలు పెట్టేసరికే ఇంకో 20 మీటర్లు దాటిపోతుంది.

పదేళ్ల లోపు పిల్లలకు ఈ వేగం, ఈ దూరం సరిగ్గా అంచనాకు రావు. ‘బండి నాకు కనిపిస్తోందంటే బండోడికి నేనూ కనిపిస్తా’ అనుకుంటారు. కాబట్టి చెప్పి ఊరుకుంటే చాలదు, పక్కనుండి చేయించాలి.

ఇలా నేర్పండి

• వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. వేళ్లైతే విడిపించుకుని ఉరుకుతారు. బండ్ల వైపు మీరుండాలి.

• ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడి పక్కన నడిపించండి. ఎదురొచ్చే బండి కంటికి కనిపిస్తుంది. ఎడమ పక్కనైతే అది వీపు వెనక నుంచి వస్తుంది.

• అంచున ఆగాలి. కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి చూడాలి. డివైడర్ దగ్గర మళ్లీ ఆగాలి. అక్కడి నుంచి బండ్లు ఎడమ వైపు నుంచి వస్తాయి. రాంగ్ రూట్ బైకులూ ఉంటాయి కాబట్టి రెండు పక్కలా చూడాల్సిందే.

• ఆగిన బస్సు ముందు నుంచి దాటొద్దు. బస్సు కదిలిపోయి, రోడ్డంతా కనిపించాకే అడుగేయాలి.

• బంతి పోయినా, మేకపిల్ల పోయినా వెంట ఉరకొద్దు. పెద్దోళ్లను పిలవాలి.

• పొద్దు గూకాక లేత రంగు చొక్కా, చేతిలో టార్చి ఉండాలి.

• అండర్‌పాస్ ఉంటే కాస్త చుట్టైనా అటే పోవాలి.

మిమ్మల్నే చూస్తుంటారు

మీరు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని డివైడర్ దూకితే, రేపు బుడ్డోడూ దూకుతాడు. రోడ్డు అంచుకు రాగానే ఫోను జేబులోకి పోవాలి. ఆ ఫోన్లో 108తో పాటు హైవే హెల్ప్‌లైన్ 1033 కూడా సేవ్ చేసుకోండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి బడి దారిలో ఒకసారి నడవండి. దాటే చోట ఆగి, ‘ఇప్పుడు పోదామా, వద్దా?’ అని వాళ్లనే అడగండి. వాళ్లు ‘ఇంకొంచెం ఆగన్నా, లారీ వస్తోంది’ అన్నారంటే.. పాఠం ఎక్కినట్టే!