తనను తాను కత్తిరించుకునే ఆర్‌ఎన్‌ఏ

టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు మధ్యలో 413 అక్షరాల అదనపు ముక్క ఉంటుంది. అక్షరాలంటే ఎ, యు, జి, సి అనే నాలుగు రకాల అణువులు. ఆ ముక్క తెగిపోయి, అటూ ఇటూ మిగిలిన కొసలు అతుక్కుంటేనే ఆర్‌ఎన్‌ఏ పనికొస్తుంది. ఈ కత్తిరింపు చేసే ప్రొటీన్ ఏదా అని కొలరాడో విశ్వవిద్యాలయంలో థామస్ చెక్ బృందం వెతికింది. చివరికి 1982లో, ఆ జీవి గాలి కూడా సోకకుండా అదే ఆర్‌ఎన్‌ఏను పరీక్షనాళికలో తయారుచేసి, కాస్త మెగ్నీషియం, గ్వానోసిన్ కలిపి చూశారు. కత్తిరించే ప్రొటీన్ అందులో లేదు. అయినా ముక్క తెగింది, కొసలు అతుక్కున్నాయి. 1989లో చెక్‌కు, సిడ్నీ ఆల్ట్‌మన్‌కు నోబెల్ తెచ్చినవి ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలే. వీటినే రైబోజైములంటారు.

సమాచారం దాచేది డీఎన్‌ఏ, పని చేసేది ప్రొటీన్. ఒకటి లేనిదే రెండోది తయారవదు. జీవం ఎలా మొదలైందని అడిగితే ఎదురయ్యే, చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ చిక్కులో, రెండు పనులూ తెలిసిన అణువు దొరికింది.

మరి అలాంటిది దానంతటదే పుట్టగలదా? 1993లో బోస్టన్‌లో డేవిడ్ బార్టెల్, జాక్ షొస్టాక్ 220 స్థానాల్లో అక్షరాలు ఎలా పడితే అలా పేరిన ఆర్‌ఎన్‌ఏలు తీసుకున్నారు. ఆ పేర్పులు ఎన్ని ఉండొచ్చో రాయాలంటే ఒకటి పక్కన 132 సున్నాలు పెట్టాలి. వాళ్ల దగ్గరున్నవి ఒకటి పక్కన 15 సున్నాలన్ని. సముద్రంలో కాకిరెట్టంత కూడా కాదు. పరీక్ష ఒకటే: పక్కనున్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను తన కొసకు తానే అతికించుకోవాలి. ఆ ముక్క తగిలించుకున్నవి గాలానికి చిక్కుతాయి, మిగిలినవి కొట్టుకుపోతాయి. చిక్కినవాటికి నకళ్లు తీసి మళ్లీ అదే పరీక్ష. 10 విడతలయ్యేసరికి, దానంతటదే పడే అతుకు కన్నా 70 లక్షల రెట్లు వేగంగా అతికేవి తేలాయి. మొదటి గుంపులో ఈ పని తెలిసినవి సుమారు 20 లక్షల కోట్లకు ఒకటి. అరుదే, కానీ అసాధ్యం కాదు. ఈ కథంతటిలో నాకు అన్నిటికన్నా విలువైన అంకె ఇదే.

2009లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో ట్రేసీ లింకన్, జెరాల్డ్ జాయిస్ రెండు రైబోజైములను జత కలిపారు. మొదటిది రెండు ముక్కలు అతికి రెండోదాన్ని చేస్తుంది. రెండోది మరో రెండు ముక్కలతో మొదటిదాన్ని చేస్తుంది. దాదాపు గంటకోసారి వాటి సంఖ్య రెట్టింపైంది. ముక్కలు అందించినంతకాలం ఆగదు. అందించింది మాత్రం మనుషులే. ఉన్న ముక్కలు అతకడం వేరు, అక్షరం అక్షరం కూర్చడం వేరు. కాబట్టి దీన్ని జీవం అనలేం.

అయినా ఆర్‌ఎన్‌ఏ పెత్తనం ఇప్పటికీ పోలేదు. 2000లో యేల్ శాస్త్రవేత్తలు కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే, ప్రొటీన్ ముక్కలు అతికే చోటికి సుమారు 18 ఆంగ్‌స్ట్రామ్‌ల (అణువులను కొలిచే అతి చిన్న ప్రమాణం) లోపు ఏ ప్రొటీనూ కనిపించలేదు. ఈ క్షణాన మన కణాల్లో ప్రొటీన్లను అతికి తయారుచేస్తున్నది ఆర్‌ఎన్‌ఏయే.