తుడిచెయ్యడానికి మూడు దారులు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లోని ఎడిటింగ్ గదుల్లో ఇప్పుడు ఫిల్ము చుట్టలకు బదులు కంప్యూటర్లు కనిపిస్తాయి. ఒక సినిమాకు వేల షాట్లు తీస్తారు. ఏ షాటు ఎప్పుడు తీశారు, బాగా వచ్చిందా లేదా అన్న వివరాలను అడ్డు వరుసలుగా, నిలువు గడులుగా రాసి ఉంచే పట్టికను డేటాబేస్ టేబుల్ అంటారు. ఇలాంటి పట్టికలకు గణిత పునాది వేసినవాడు ఇ.ఎఫ్. కాడ్ అనే శాస్త్రజ్ఞుడు. అది 1970వ సంవత్సరం.

ఒక చిత్రానికి అలాంటి పట్టిక ఉందనుకుందాం. అందులోని వివరాలు తీసెయ్యాలంటే ఎలా? ఎస్‌క్యూఎల్ అనే భాషలో ఇందుకు మూడు ఆజ్ఞలున్నాయి.

డిలీట్: బాగా రాని షాట్ల వరుసలు మాత్రమే పోవాలంటే ఇది వాడాలి. 'వేర్' అనే మాటతో షరతు చెప్పాలి. షరతు మరిస్తే అన్ని వరుసలూ పోతాయి! తీసేసిన ప్రతి వరుసనూ కంప్యూటర్ చిట్టాలో రాసుకుంటుంది. అందుకే పెద్ద పట్టికలో పని నెమ్మది. అయితే ట్రాన్సాక్షన్ తెరిచి పని మొదలుపెడితే, 'కమిట్' అని ఖాయం చేసేలోగా 'రోల్‌బ్యాక్' అంటే పోయినవన్నీ తిరిగొస్తాయి.

ట్రంకేట్: పట్టిక ఉండాలి, వరుసలన్నీ పోవాలి. నోటుపుస్తకంలో ఒక్కొక్క అక్షరం చెరపకుండా రాసిన కాగితాలన్నీ ఒకేసారి చించేసినట్టు! చాలా వేగం. షరతులు పెట్టే వీలులేదు. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో దీన్ని రోల్‌బ్యాక్ చెయ్యలేం. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపలైతే చెయ్యవచ్చు.

డ్రాప్: నోటుపుస్తకాన్నే పారేసినట్టు. వరుసలతోపాటు పట్టిక కూడా పోతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? ఏం మిగలాలో ముందు తేల్చుకుంటే జవాబు దొరుకుతుంది. కొన్ని వరుసలు మిగలాలంటే డిలీట్, ఖాళీ పట్టిక మిగలాలంటే ట్రంకేట్, ఏమీ అక్కర్లేదంటే డ్రాప్.

తొందరపడితే ఏమవుతుందో సినిమా చరిత్రే చెబుతుంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. నేడు దాని ప్రతి ఒక్కటీ దొరకడం లేదు. ఆ కాలపు ఫిల్ములెన్నింటినో అందులోని వెండి కోసం కరిగించేశారు. మిగిలిన పాత చిత్రాలను కాపాడే విద్యలో 2019 డిసెంబరులో హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోస్‌లో శిక్షణ శిబిరం జరిగింది.

కాబట్టి తుడిచే ముందు నకలు తీసి వేరేచోట దాచాలి. డిలీట్‌కు రాసిన షరతునే ముందుగా 'సెలెక్ట్' ఆజ్ఞకు ఇచ్చి, ఏయే వరుసలు వస్తాయో చూసుకోవాలి.

మీ బడి హాజరు పట్టికలోంచి, వేరే ఊరు వెళ్ళిపోయిన ఒక్క విద్యార్థి పేరు తీసెయ్యాలి. మూడింటిలో ఏది వాడతారు? ఏ షరతు రాస్తారు? అదే పేరుతో ఇద్దరుంటే?