ఖాళీ డబ్బాకీ కిరాయి కట్టాల్సిందే!

హైవే మీద లారీలపై వెళ్లే పెద్ద పెద్ద ఇనుప కంటైనర్లు చూస్తూనే ఉంటాం. లోపల ఏ ఫోన్లో, ఫ్రిజ్‌లో ఉంటాయనుకుంటాం. కానీ వాటిలో కొన్ని ఉత్త డబ్బాలే! మరి ఏమీ లేని డబ్బాని వందల కిలోమీటర్లు ఎందుకు మోస్తున్నట్టు?

ఎందుకంటే, సరుకు దిగిన చోటే మళ్లీ ఎక్కించడానికి సరుకు దొరకాలని లేదు.

డబ్బా ఎవరిది?

సరుకు మనదే అయినా, డబ్బా ఎక్కువగా షిప్పింగ్ లైన్‌దో, లీజుకిచ్చే కంపెనీదో. సరుకు దించుకున్నాక వాళ్లు చెప్పిన యార్డులో అప్పగించాలి. కొన్ని రోజులు ఫ్రీ. అవి దాటితే డిటెన్షన్ చార్జీ మీటర్‌లా తిరుగుతూనే ఉంటుంది.

సముద్రం లేని హైదరాబాద్‌కీ సనత్‌నగర్‌లో ఇన్‌లాండ్ కంటైనర్ డిపో ఉంది. కస్టమ్స్ పని అక్కడే అయిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. ఇక్కడ ఖాళీ అయిన డబ్బాకి ఇక్కడే లోడు దొరికితే సరే. లేదంటే ఉత్తినే పోర్టుకి వెళ్లాలి. ఖాళీ 20 అడుగుల డబ్బా బరువే 2 టన్నుల పైన. డీజిల్ కాస్త మిగిలినా లారీ, డ్రైవర్ టైమ్, టోల్ మామూలే.

గుట్టలున్నా కొరతే

40 అడుగుల డబ్బాలో చోటు రెట్టింపు, మోయగలిగే బరువు మాత్రం 20 అడుగులదానికి దాదాపు సమానం. అందుకే గ్రానైట్ లాంటి బరువైన సరుకు 20లో వెళ్తుంది. ఊళ్లోకి 40లు వచ్చి, ఎగుమతిదారుకి 20లు కావాల్సి వస్తే? యార్డు నిండా డబ్బాలున్నా ఒక్కటీ పనికిరాదు. విశాఖ నుంచి రొయ్యలు వెళ్లాలంటే ఫ్రీజర్ ఉన్న రీఫర్ కంటైనర్లే కావాలి. మామూలు డబ్బాలు ఎన్ని ఉంటే ఏం లాభం?

సమయానికి డబ్బా రాకపోతే ఓడ తప్పిపోతుంది. గోడౌన్ అద్దె పెరుగుతుంది, కొనేవాడి దగ్గర మాట పోతుంది.

2020-21లో ఇదే ప్రపంచమంతా జరిగింది. చైనా నుంచి అమెరికాకి కిరాయిలు ఆకాశాన్నంటడంతో, షిప్పింగ్ లైన్లు ఖాళీ డబ్బాల్ని వెంటనే ఆసియాకి తోలేశాయి. అమెరికా రైతుల పంటకి డబ్బాలు దొరకలేదు. మన ఎగుమతిదారులూ డబ్బాల కోసం అల్లాడారు. ఆ గొడవల తర్వాతే 2022లో అమెరికా షిప్పింగ్ చట్టాన్ని సవరించింది.

జోడీ కుదిరితే జాక్‌పాట్

దీనికో ఉపాయం ఉంది, పేరు ట్రయాంగ్యులేషన్. దిగుమతిదారు గోడౌన్‌లో ఖాళీ అయిన డబ్బాని యార్డుకి పంపకుండా, నేరుగా దగ్గర్లోని ఎగుమతిదారుకి ఇచ్చేయడం. ఒక ఖాళీ ట్రిప్పు మిగిలినట్టే!

వినడానికి ఈజీ. కానీ ఇద్దరికీ షిప్పింగ్ లైన్ ఒకటే కావాలి, సైజు కలవాలి, తేదీలు కుదరాలి, లైన్ ఒప్పుకోవాలి. డబ్బా కూడా బాగుండాలి. లోపల నిలబడి తలుపులు మూసేస్తారు. ఎక్కడైనా వెలుగు కనిపించిందా, చిల్లు ఉన్నట్టే. బియ్యం, మిర్చి లాంటివాటికి వాసన, తేమ కూడా ఉండకూడదు.

ఇప్పుడు యాప్‌లు ఈ జోడీలు వెతుకుతున్నాయి. అయితే డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుందో దిగుమతిదారు ముందే చెప్పాలి. చివరి నిమిషంలో చెబితే ఏ యాప్ అయినా ఏం చేస్తుంది? పక్క వీధిలో లోడు ఎదురుచూస్తున్నా, డబ్బా ఖాళీగానే పోర్టు దారి పడుతుంది. ఆ కిరాయి తిరిగి తిరిగి సరుకు ధరలోనే కలుస్తుంది.